రోల్ హూప్ కోసం బాడీకి బొక్కలు పెట్టిన కథ

ఇంట్లో కిట్ కారు (విడిభాగాలు తెచ్చి మనమే కట్టుకునే కారు) కడుతూ నేను అన్నిటికన్నా ఎక్కువ వాయిదా వేసిన పని రోల్ హూప్ బిగించడం. బండి బోల్తా పడితే తలను కాపాడే ట్యూబ్ కమానే రోల్ హూప్. బోల్టులు బిగించడం అరగంట పనే. దానికి ముందు, తళతళలాడే ఫైబర్‌గ్లాస్ బాడీకి నా చేతులతో నేనే బొక్కలు పెట్టాలి. అక్కడే మూడు ఆదివారాలు పోయాయి.

నా హూప్‌కు రెండు నిలువు కాళ్లు, వెనక్కి వాలిన స్టే, అంటే ఆసరా ట్యూబ్, ఒకటి. కాళ్లు బాడీలోంచి దిగి ఛాసిస్‌కున్న (కింది చట్రానికున్న) సాకెట్లలో కూర్చోవాలి. స్టేను వెల్డ్ చేయకుండా విడిగా ఎందుకిచ్చారా అని మొదట విసుక్కున్నాను. నిలువు కాళ్లూ వాలు స్టే ఒకేసారి పైనుంచి దిగవు కదా! ఆ సంగతి తట్టడానికి నాకో సాయంత్రం పట్టింది.

మాస్కింగ్ టేప్ అంటించి, కొలిచిన చోట 3 మి.మీ. బొక్క పెట్టి, దారం దించి కింద నట్టు కట్టాను. నట్టు సాకెట్ మధ్యలో కాకుండా 7 మి.మీ. పక్కన వేలాడింది. కొలత తప్పిందనుకుని కంగారులో ఇంకో బొక్క పెట్టేశాను. తీరా చూస్తే కొలత కరెక్టే, బండే స్టాండ్ల మీద ఒక డిగ్రీ ఒరిగి ఉంది. బాడీ నుంచి సాకెట్‌కు 400 మి.మీ. లోతు, ఆ లోతుకి ఒక డిగ్రీ తేడా అంటే ఆ 7 మి.మీ.! ముందు లెవెల్ పెట్టి చూసుకోవాల్సింది. అదృష్టం కొద్దీ ఆ పిచ్చి బొక్క తర్వాత పెట్టిన పెద్ద బొక్కలోనే కలిసిపోయింది.

కాళ్ల ట్యూబ్ 45 మి.మీ., హోల్ సా (గుండ్రటి బొక్క కోసే రంపం) 51. బాడీ కదిలినా ట్యూబ్‌కు రాసుకోకుండా చుట్టూ రబ్బరు పట్టాలి మరి. హోల్ సాను మొదట రివర్స్‌లో తిప్పాను. పళ్లు కొరక్కుండా గీరుకుంటూ పోతాయి కాబట్టి పైనున్న జెల్‌కోట్, అంటే ఆ తళతళలాడే పొర, పెచ్చులు లేవదు. గాడి పడ్డాక మామూలుగా తిప్పాను. ముక్కుకి మాస్క్ పెట్టుకున్నాను గానీ పొడుగు చేతుల చొక్కా వేసుకోలేదు; ఫైబర్‌గ్లాస్ పొడికి రెండు రోజులు గోక్కుంటూనే ఉన్నాను.

స్టే బొక్క గుండ్రంగా ఉంటే కుదరదు. 38 మి.మీ. ట్యూబ్ 45 డిగ్రీల వాలులో దిగుతుంటే దానికి దాదాపు 54 మి.మీ. పొడవు కావాలి, రబ్బరుకి ఇంకాస్త. ట్యూబ్ ముక్కకు గరుకు కాగితం చుట్టి, అదే వాలులో పట్టుకుని రుద్దాను. విసుగొచ్చే పనే, కానీ మొత్తం మీద నాకు నచ్చింది ఇదొక్కటే.

8.8 గ్రేడ్ (గట్టి రకం) బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, హూప్ సర్దుకున్నాక నైలాక్ నట్లు (లోపలి నైలాన్ రింగు వల్ల వదులవ్వనివి) బిగించాను. తర్వాత హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చున్నాను. హూప్ పైనుంచి విండ్‌స్క్రీన్ ఫ్రేమ్ మీదికి మా ఆవిడ చెక్క బద్ద పెట్టింది; హెల్మెట్ దానికి కిందే ఉండాలి. బద్ద హెల్మెట్‌కు టక్కున తగిలింది.

ఇప్పుడు సీటు మళ్లీ బయటికి వచ్చింది. కింది రైళ్లు తీసేసి దాన్ని నేరుగా ఫ్లోర్‌కే బిగిస్తున్నాను.