మిగిలితేనే సాయమా?

ప్రతి నెలా మొదట్లో, సాధారణంగా ఒక శుక్రవారం, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార ధరల సూచీని ప్రకటిస్తుంది. 2008 ధరల సంక్షోభం నాటి నుంచి ఆ అంకెను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. 2014–16 సగటును 100 అనుకుంటే, 2022 మార్చిలో అది దాదాపు 160. దాని కింద రెండు గీతలు గీసి, పక్కన 'యెమెన్' అని రాశాను.

నిధులు చాలక ఐక్యరాజ్యసమితి సాయ సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం ఆ జనవరిలోనే యెమెన్‌లో 80 లక్షల మందికి రేషన్ తగ్గించింది. అంతకు ముందు ఏడాది ఆ సంస్థ కొన్న గోధుమల్లో సగానికి పైగా ఉక్రెయిన్‌వే. యుద్ధం వచ్చింది, ధరలు ఎగిశాయి. దాతలు ఇచ్చింది డాలర్లు; అవే డాలర్లకు వచ్చే బస్తాలు తగ్గాయి. జూన్‌లో మళ్లీ కోత. ఆకలి పెరిగిన ఏడాదే సాయం చిక్కిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఈ జబ్బు పాతదే. 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన ఆహార సాయ చట్టం, పబ్లిక్ లా 480, ఆ దేశంలో పేరుకుపోయిన ధాన్యాన్ని వదిలించుకునే మార్గం కూడా. ఆ ధాన్యం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ పంట పొంగిపొర్లినప్పుడు చెయ్యి ధారాళంగా చాచి, కొరత రాగానే ముడుచుకుంటే అది ఏం సాయం? పైగా సరుకులో సగమైనా అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే వెళ్లాలన్న నిబంధన ఒకటి. పళ్లెంలోకి చేరాల్సిన డబ్బు ఓడ కిరాయికి పోతుంది.

కరీబియన్ దేశం హైతీ సంగతి వేరు, అది వ్యాపారం. అయినా గాయం అదే. 1990లలో ఆ దేశం చేత బియ్యంపై దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గింపజేశారు. సబ్సిడీలతో పండిన అమెరికా బియ్యం ముందు అక్కడి రైతు నిలవలేకపోయాడు. అది పొరపాటని, తన సొంత రాష్ట్రం ఆర్కాన్సా రైతుల్లో కొందరికి మేలు చేసిందేమో కానీ హైతీకి చేయలేదని 2010 మార్చిలో అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు గౌరవిస్తాను. పొలం వదిలి వెళ్లినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

చేయదలిస్తే దారి ఉంది. తన ఆహార సాయాన్ని తన పొలాల ధాన్యంతోనే ఇవ్వాలన్న ముడిని కెనడా పూర్తిగా విప్పేసింది. అప్పటి నుంచి ఆ డబ్బుతో కరువు ప్రాంతానికి దగ్గరలోని రైతుల దగ్గరే ధాన్యం కొనవచ్చు. అది జరిగింది 2008లో. నా నోటు పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంది.