ఎడమ హబ్

పోయినేడు వచ్చిన బోనసంతా నా పాత జిప్సీ జీపుకే పోశాను. స్ప్రింగులు మార్పించి రెండంగుళాలు లేపించాను. మడ్ టైర్లు వేయించి, ముందు భాగంలో, ఇరుక్కుంటే బండిని తాడుతో లాగే వించ్ బిగించాను. సామాన్ల కోసం బెంగళూరు జేసీ రోడ్డులో తిరగడంతోనే శనివారాలు గడిచిపోయాయి. "ఇంతకీ ఇది ఎక్కేదేంటి?" అంది మా ఆవిడ.

చూపిద్దామని ఓ ఆదివారం అనంతపురం బావని వెంటబెట్టుకుని రామనగర అవతల తెలిసినవాళ్ల ఎస్టేటుకి వెళ్లాను. టైర్లలో గాలి 26 నుంచి 16కి దించాం. గాలి తక్కువుంటే టైరు పరుచుకుని రాయిని పట్టుకుంటుంది. వాగు సులువుగానే దాటాం.

ఆ తర్వాత మోకాలెత్తు బండ మెట్టు. బావ కిందికి దిగి చేతులతో దారి చూపిస్తున్నాడు. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే 'ఫోర్-లో' (4L) వేసి ఫస్ట్ గేర్లో ఎక్కించబోతే, ముందు టైర్లు మెట్టుకి ఆనుకుని ఆగిపోయాయి. వెనకవి గిరగిరా తిరిగి కంకర ఎగజిమ్మాయి. మూడుసార్లు ప్రయత్నించాను. క్లచ్ మాడిన వాసన మొదలైంది. నాకు చెమటలు. వించ్ తాడు లాగి నీలగిరి చెట్టుకి పట్టీ చుట్టబోతుంటే బావ ఆపాడు.

"ముందు టైర్లు తిరగడమే లేదప్పా! హబ్బులు వేసినావా?"

ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే ఈ హబ్బులు 'లాక్'లో ఉంటేనే ఇంజిన్ బలం ఆ చక్రాలకి అందుతుంది. వేశాననే అన్నాను. బావ వంగి ఎడమ చక్రం మధ్యలో అట్టకట్టిన ఎర్ర బురదని బొటనవేలితో తుడిచాడు. బాణం గుర్తు 'ఫ్రీ' మీదుంది. కుడి చక్రం హబ్ 'లాక్'కి తిప్పి, ఎడమవైపుకి వచ్చి గాలి తీస్తుండగా వాచ్‌మన్ పలకరించాడు. ఆ మాటల్లో ఇది మర్చిపోయాను.

ఒక్క హబ్ వదిలేసినా ముందు రెండు చక్రాలూ దండగే. రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్‌కి అడ్డులేని వైపే సులువు కాబట్టి ఎడమ యాక్సిల్ లోపల ఊరికే తిరుగుతుంది, లాక్ చేసిన కుడి చక్రానికీ లాగే బలం అందదు. అంటే ఇంత ఖర్చు పెట్టి, వాగుతో సహా, టూ వీల్ డ్రైవ్‌లోనే వచ్చానన్నమాట.

హబ్ 'లాక్'కి తిప్పాను. ఈసారి యాక్సిలరేటర్ మీద కాలు ఆనించానంతే, బండి ముసలి ఎద్దులా ఒక్కో చక్రం ఎత్తుకుంటూ మెట్టెక్కేసింది.

తిరుగు ప్రయాణానికి టైర్లకి గాలి పడుతుంటే ఇంటినుంచి ఫోన్.

"ఎక్కిందా?"

"ఎక్కకేం!" అన్నాను. బావ నవ్వాపుకోలేక అటు తిరిగాడు.