ఇసుకకు దడి కట్టిన కథ: నా అనుభవం

ఒడిశాలోని గంజాం జిల్లా సోనాపూర్ దగ్గర, బాహుదా నది సముద్రంలో కలిసే వైపు మాకు ముప్పై సెంట్ల జీడితోట ఉంది. తోటకూ సముద్రానికీ నడుమ ఇసుక దిబ్బ. దాని మీది సరుగుడు చెట్లను 2013 అక్టోబరులో పైలీన్ తుపాను పడగొట్టింది. అప్పటి నుంచి ఏటా దక్షిణపు గాలి లేచిందంటే దిబ్బ మా తోటలోకి నడిచి వచ్చేది. మూడు చెట్ల మొదళ్లు పూడిపోయాయి. అన్నం కంచంలోనూ ఇసుకే.

జేసీబీతో దిబ్బను చదును చేయిద్దామన్నాడు తమ్ముడు. తీరప్రాంత నిబంధనలు ఒప్పుకోవన్నాను, వినలేదు. దిబ్బ పోతే ఉప్పెన నేరుగా గుమ్మంలోకే వస్తుందంటే అప్పుడు ఊరుకున్నాడు.

అటవీ సిబ్బందికీ పంచాయతీకీ చెప్పి దడి మొదలుపెట్టాను. తాటాకులు ఒత్తుగా పేర్చి, చీమ దూరే సందు లేకుండా కట్టి, నా పనితనానికి నేనే మురిసిపోయాను. పది రోజులు తిరక్కుండానే గాలి పైనుంచి దూకి, వెనక సుడి తిరిగి, అడుగున ఇసుకను తోడేసింది. గుంజలు కదిలిన పళ్లలా ఊగాయి. ఒక రాత్రి ఇరవై అడుగుల దడి బోర్లా పడింది.

పక్కనే వల బాగుచేసుకుంటున్న తాత నవ్వాడు. (జాలరులమైన మమ్మల్ని ఒడియావాళ్లు నోలియాలంటారు గానీ ఇంట్లో మాటలన్నీ తెలుగే.) "ఆకు విడిచి ఆకు పీకెయ్యి బాబూ. గాలి పోవాలి, ఇసుక దిగాలి" అన్నాడు. నిజమే, ఇసుక రేణువు పక్షిలా ఎగరదు, నేలమీద గెంతుతూ పోతుంది. గాలి జోరు కాస్త తగ్గితే అక్కడే కూలబడుతుంది.

మరుసటి ఏడాది వెదురు బద్దలతో కట్టాం. రెండు వేళ్ల బద్ద, రెండు వేళ్ల సందు, నాలుగడుగుల ఎత్తు, గాలికి అడ్డంగా. పాత వలలు ఊరికే ఇస్తామన్నారు కొందరు. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు చిక్కుకుంటాయని వద్దన్నాను. దడిని కూడా అలలకు దూరంగా, దిబ్బ పైనే ఉంచాం.

గుంజకు అడుగుకొకటి చొప్పున పసుపు గుడ్డ ముళ్లు వేశాను. మే చివరికి మొదటి ముడి మునిగింది. ఇసుక దడిని ఆనుకుని కాదు, కొంచెం వెనగ్గా, పడుకున్న గేదె వీపులా పేరుకుంది. పడవల దారికి వదిలిన ఖాళీ మాత్రం నా తెలివితక్కువే. తిన్నగా వదిలేసరికి గాలంతా అందులో దూరి కాలువ కోసింది. రెండు దడుల కొసలు ఒకదాన్నొకటి దాటేలా ఏటవాలుగా మార్చాక ఆగింది.

వానలకు రావణాసురుడి మీసాల గడ్డీ, ఒడ్డున పాకే ఊదా పూల తీగా నాటాం. సగం మేకలు తొక్కేశాయి. మిగతావి ఇసుక పేరుకున్నకొద్దీ పైకి లేస్తున్నాయి.

ఇప్పుడు దడి జానెడే కనిపిస్తోంది. దానిమీద రెండో వరుస కట్టాలి. బరంపురంలో వెదురు బేరమాడి వచ్చాను, ఆదివారం బండి వస్తుంది.