ప్రోటీన్ నార్మలే వచ్చిందట!

డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, ఇక్కడ ప్లాస్మా, అదే రక్తంలోని ద్రవభాగం, ఇస్తే డబ్బులిస్తారు. వారానికి రెండుసార్లు ఇవ్వొచ్చు. వేలు గుచ్చి చూశారు, ప్రోటీన్ నార్మలే. చిరునామా కాగితం లేదని తిప్పి పంపారు, శుక్రవారం మళ్లీ వెళ్తాను." మన దేశంలో రక్తం అమ్ముకోవడం 1998 నుంచే నిషేధం. అక్కడ ప్లాస్మాకు డబ్బిస్తారు.

నేను మహబూబ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. వాళ్లు చూసేది మొత్తం ప్రోటీన్. 100 మిల్లీలీటర్లకు 6 నుంచి 9 గ్రాములుంటే సరే అంటారు. అందులో అధిక భాగం ఆల్బుమిన్, గ్లోబులిన్లే. మా అక్కకు తక్కువున్నది ప్రోటీన్ సి. రక్తం గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ఆ పదార్థం లీటరు ప్లాస్మాలో కొన్ని మిల్లీగ్రాములే. సగానికి పడిపోయినా వేలి పరీక్షకు అందదు.

వీడు పుట్టిన నెలలోపే అక్క ఎడమ పిక్క రాయిలా గట్టిపడింది. బాలింత నొప్పులే అన్నారందరూ. డాప్లర్ స్కాన్‌లో తొడ దాకా రక్తం గడ్డ కనిపించింది. గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు ప్రోటీన్ సిని కూడా తగ్గిస్తుంది కనుక, డాక్టరు మందు ఆపించి గడువు చూశాకే నీలం మూత ట్యూబులో గీత వరకు రక్తం నింపి పంపాం. ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేటు ఒక వంతుకు రక్తం తొమ్మిది వంతులు ఉండాలి, తగ్గితే ఫలితం తప్పుతుంది. ఈ లోపం పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. హుషారుగానే ఉన్నాడుగా అని బావ వీడి పరీక్ష వాయిదా వేస్తూ వచ్చారు.

ప్లాస్మా తీయాలంటే లావుపాటి సూదితో గంటసేపు చేయి కదపకుండా కూర్చోవాలి. ఎర్రకణాలు తిరిగి ఎక్కిస్తారు, 600 నుంచి 800 మిల్లీలీటర్ల ప్లాస్మా మాత్రం పోతుంది. ఆరోగ్యవంతులకు నీళ్లు బాగా తాగితే సర్దుకుంటుంది. గడ్డలు కట్టే గుణమున్నవారికి సిరకు దెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం ఒకేసారి ఎదురవుతాయి. హిమోఫిలియా, వాన్ విల్‌బ్రాండ్ జబ్బు ఉన్నవారికి కష్టం ఇంకోరకం: సూది తీశాక రక్తం ఆగదు, చేయి కమిలి వాచిపోతుంది. మన బ్లడ్ బ్యాంకులు వాళ్లను దాతలుగా అసలే తీసుకోవు.

శుక్రవారం వెళ్లొద్దన్నాను. అమ్మకు కాలిలో గడ్డ కట్టిన సంగతి తనంతట తానే చెప్పాలని, లేకపోతే అక్కడెవరికీ తెలియదని చెప్పాను. డిసెంబరులో వచ్చినప్పుడు రక్తం నేనే తీస్తాను. వాడి అక్కకు పెళ్లి కుదిరింది, తనకూ అదే రోజు పరీక్ష. గడ్డల ముప్పు పెంచే గర్భనిరోధక మాత్రల ఆలోచన వచ్చేలోపే తనకీ సంగతి తేలాలి.