రూపాయి కట్టి చూసిన ఎన్నికల ఖాతా

2024 ఎన్నికల్లో మా వీధుల్లో పారిన డబ్బు ఎవరిదో కాగితం మీద తెలుసుకోవాలని అనంతపురం కలెక్టరేటులోని ఎన్నికల విభాగానికి వెళ్లాను. ఫలితం వెలువడిన ముప్పై రోజుల్లోగా ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చుల లెక్క అప్పగించాలి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ప్రకారం రూపాయి రుసుము కట్టి దాన్ని ఎవరైనా చూడవచ్చు. అది తెలియక నేను సమాచార హక్కు దరఖాస్తు రాసుకుని వెళ్తే, అక్కడి ఉద్యోగి ఒకరు ఓపికగా నియమం చూపించి, "దీనికి అది అక్కర్లేదు సార్, తెల్లకాగితం మీద అడగండి, చాలు" అన్నారు.

మూడో రోజు ఒక అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుల రిజిస్టరు నా ముందుకు వచ్చింది. తెల్లపేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క ఉన్నాయి. షామియానా, కుర్చీల అద్దె, కండువాలు, ఆటోకు కట్టిన మైకు, చివరికి ఉప్మా ప్లేట్ల సంఖ్య కూడా రాసి ఉంది. మొత్తం 40 లక్షల పరిమితికి లోబడే ఉంది.

నేను వెతుకుతున్నది రాబడి పట్టికల్లో ఉండాలి. సొంత సొమ్ము కొంత, పార్టీ ఇచ్చింది ఎక్కువ. ఇతర వ్యక్తులూ కంపెనీలూ ఇచ్చిన చోట "లేదు" అని ఒక్క మాట. పార్టీకి ఎవరిచ్చారో అభ్యర్థి రాయనక్కర్లేదు. పార్టీ చేసే సాధారణ ప్రచారానికి పరిమితే లేదు. స్టార్ క్యాంపెయినర్ల, అంటే పార్టీ జాబితాలో పేరున్న ప్రచార నేతల, ప్రయాణం హెలికాప్టరుతో సహా అభ్యర్థి ఖాతాలోకి రాదు. ఉప్మాకు లెక్క అడిగే చట్టం కోట్ల దగ్గర ఊరుకోవడం నన్ను చాలా బాధించింది.

పార్టీకి ఎవరిచ్చారో చూద్దామని ఎలక్టోరల్ బాండ్ల జాబితాలు పట్టుకున్నాను; దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమివ్వడానికి బ్యాంకులో కొన్న పత్రాలే ఆ బాండ్లు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది కాబట్టే, కొన్నవారి పేర్లూ నగదుగా మార్చుకున్న పార్టీల పేర్లూ మార్చిలో బయటకొచ్చాయి. తర్వాత వచ్చిన బాండు నంబర్లతో రెండింటినీ జతపరచవచ్చు. పోలవరం పనులు చేస్తున్న మేఘా ఇంజనీరింగ్ ఒక్కటే 966 కోట్ల రూపాయల బాండ్లు కొంది. రాత్రుళ్లు కూర్చుని నంబరుకు నంబరు కలిపితే దాత నుంచి పార్టీ దాకా దారి కనబడింది. పార్టీ ఖాతాలో అంతా కలిసిపోతుంది గనుక, అందులో మా నియోజకవర్గానికి ఎంత చేరిందో ఏ కాగితమూ చెప్పదు. పార్టీల ఖర్చుకు కూడా పరిమితి పెట్టనిదే ఈ తెగిన దారి అతకదని నా అభిప్రాయం.

ధ్రువీకరించిన నకలుకు రుసుము కట్టి వచ్చాను. రెండో అభ్యర్థి ఖాతా కోసం సోమవారం మళ్లీ వెళ్లాలి.