కోచ్ గారు అనని మాట

కంచరపాలెంలో ఉండే మా మేనత్త నేను కనబడినప్పుడల్లా ఒకటే అడుగుతుంది. "ఏటే, ఆట జరుగుతుంటే గీత పక్కన మైకు పట్టుకుని నిల్చుంటావు కదా, అక్కడ నీ పని ఏటి?" ఈ పనిలో పదేళ్లు దాటినా ఆవిడకి సరిపడే జవాబు నా దగ్గర లేదు. రెండు గంటల లైవ్‌లో నేను తెర మీద కనబడేదంతా కలిపితే మూడు నిమిషాలు కూడా ఉండదు. మిగతా టైమంతా నిలబడటమే.

మా నాన్న షిప్‌యార్డ్‌లో పనిచేసేవారు. డిపార్ట్‌మెంట్ టీముకి లెఫ్ట్ వింగ్ ఆడేవారు. ఆదివారం పొద్దున్నే నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని గ్రౌండ్‌కి తీసుకెళ్లేవారు, వచ్చేటప్పుడు ఇడ్లీ తినిపించేవారు. ఫుట్‌బాల్ మీద నా ప్రేమలో ఆ ఇడ్లీ వాటా ఎంతో నేను చెప్పలేను. డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఒక కేబుల్ చానెల్లో రిపోర్టర్‌గా చేరాను. పొంగిన కాలువలు, రైతుబజారు రేట్లు, బీచ్‌రోడ్డు ట్రాఫిక్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వారం రోజులు గొంతు పోయేలా లైవ్‌లు ఇచ్చాను. మరుసటి ఏడాది లోకల్ ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఒకటి మా చానెల్ లైవ్‌కి తీసుకుంది. స్పోర్ట్స్ చూసే అబ్బాయికి పచ్చకామెర్లు. ఎడిటర్ గారు గదిలోకి పిలిచి "ఆఫ్‌సైడ్ అంటే తెలుసా?" అని అడిగారు. బల్ల మీదున్న పేపర్ వెయిట్, గ్లాసు, పెన్నుల స్టాండు జరిపి చూపించాను. సగంలోనే "చాల్లే, వెళ్లు" అన్నారు.

బయటినుంచి చూస్తే కష్టమేముంది అనిపిస్తుంది. చెవిలో ఐఎఫ్‌బీ, అంటే స్టూడియోవాళ్ల మాటలు వినబడే ఇయర్‌పీస్, ఉంటుంది. అందులో కామెంటరీ వస్తూనే ఉంటుంది, దాని మీద గ్రౌండ్ బయట నిలిపే ప్రసారాల బండి, ఓబీ వ్యాన్‌లోంచి ప్రొడ్యూసర్ గొంతు. ఎదురుగా కోచ్ జవాబు చెబుతుంటే అటు చెవిలో "పది సెకన్లు... చుట్టెయ్... ఐదు" అని లెక్క నడుస్తుంది. ఆయన మాట వినాలి, ఈయన మాట వినాలి, మొహంలో మాత్రం ఏమీ తెలియకూడదు. మే నెల మధ్యాహ్నం మూడున్నరకి కిక్ఆఫ్ పెడితే వైజాగ్ ఉక్కపోతకి మేకప్ మెడ మీదకి జారుతుంది. తెరకెక్కని పని ఇంకా చాలా ఉంటుంది. వార్మప్‌లో ఎవరు మడమకి టేప్ చుట్టించుకున్నారు, ఎవరు పరిగెత్తేటప్పుడు తొడ పట్టుకుంటున్నారు, బెంచ్ మీద ఎవరు అలిగి దూరంగా కూర్చున్నారు, ఇవన్నీ జేబులో చిన్న పుస్తకంలో రాసుకుంటాను. రాసుకున్న పది విషయాల్లో ఒకటి లైవ్‌లోకి వెళ్తే ఆ రోజు అదృష్టం బాగున్నట్టే.

ఈ పనికి మన దగ్గర చెప్పుకోదగ్గ గురువులు లేరు. నాకు దొరికింది అమెరికాలో. అక్క పెళ్లయి డాలస్ వెళ్లింది. బావగారికి అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి. అందులో కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. దాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారో బావగారు మూడుసార్లు చెప్పారు, నేను మూడుసార్లూ ఒప్పుకోలేదు. కానీ నాలాగే గీత పక్కన నిలబడే ఆ సైడ్‌లైన్ రిపోర్టర్లని చూడటం మాత్రం అలవాటైపోయింది. అక్కడ సోమవారం రాత్రి మ్యాచ్ అంటే చలికాలంలో మనకి మంగళవారం పొద్దున్న 6:45. ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో ఫోన్.

లెస్లీ విసర్ అనే రిపోర్టర్ గురించి అలాగే తెలిసింది. 1976లో బోస్టన్ గ్లోబ్ పత్రికకి అక్కడి టీమును కవర్ చేసేటప్పుడు ఆవిడకిచ్చిన పాస్ మీదే "ప్రెస్ బాక్సులోకి ఆడవాళ్లకి, పిల్లలకి ప్రవేశం లేదు" అని ఉండేదట. ఆటగాళ్ల గదిలోకి రానివ్వరు కాబట్టి పార్కింగ్ దగ్గర కాపు కాసేవారు. ఒకసారి టెర్రీ బ్రాడ్‌షా అనే పేరున్న ఆటగాడు బయటికి రాగానే ప్రశ్న అడగబోతే, ఆయన ఆవిడ చేతిలో పుస్తకం తీసుకుని ఆటోగ్రాఫ్ పెట్టి ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఆవిడే 1995లో సూపర్ బౌల్, అంటే అక్కడి ఫుట్‌బాల్ ఫైనల్, సైడ్‌లైన్‌లో పనిచేసిన మొదటి మహిళ. ఆ ఆటోగ్రాఫ్ కథ చదివిన రోజు తెగ నవ్వుకున్నాను. నన్ను కూడా రెండు గ్రౌండ్లలో "మేడమ్, కప్పు అందించడానికి వచ్చారా?" అని అడిగారు మరి.

ఇంకో సైడ్‌లైన్ రిపోర్టర్ పామ్ ఆలివర్ సంగతి మాత్రం నవ్వొచ్చేది కాదు. 2013 ఆగస్టులో మ్యాచ్ ముందు వార్మప్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్ (టీములో బంతి విసిరే ఆటగాడు) విసిరిన బంతి నేరుగా ఆవిడ మొహానికి తగిలింది. ఆ వీడియో చూసి లోకమంతా నవ్వింది. ఆవిడ ఆ రోజు పని పూర్తి చేశారు, తర్వాత చూస్తే అది కంకషన్, దెబ్బకి మెదడు అదిరిపోవడం. నాకూ తగిలింది ఒకసారి, చెవి మీద. మన ఫుట్‌బాల్ బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. అంకెగా చూస్తే అరకేజీ ఉల్లిపాయలంత కూడా లేదు. ఐఎఫ్‌బీ విరిగి చెవిలో గుచ్చుకుంది. మా కెమెరామన్ మొదట అడిగింది "ఇయర్‌పీస్ పని చేస్తోందా?" అని. 2014లో ఫాక్స్ చానెల్ వాళ్లు తమ మొదటి ప్రసార టీములో పామ్ ఆలివర్ చోటు ఎరిన్ ఆండ్రూస్ అనే ఇంకో రిపోర్టర్‌కి ఇచ్చారు. పామ్‌కి అప్పుడు 53. మా వైపు 53 దాకా ఈ పనిలో ఉన్న ఆడదాన్ని నేనింతవరకు చూడలేదు.

అసలు రాయాలని కూర్చున్నది ఇది కాదు.

2018లో ఒక సెమీఫైనల్. హాఫ్‌టైమ్‌కి వాన మొదలైంది. కోచ్‌ని అందరూ మాష్టారు అంటారు, రిటైరైన డ్రిల్ మాష్టారు. మైకు పెడితే చెయ్యి ఊపి గొడుగు కిందకి వెళ్లిపోయారు. చెవిలో ప్రొడ్యూసర్: "ఏదో ఒకటి చెప్పు, ఇరవై సెకన్లు, నీ మీదకే వస్తున్నా." నేను చెప్పేశాను. "ఎడమ వైపు డిఫెన్స్ బలహీనంగా ఉందని, రెండో సగంలో అక్కడ జాగ్రత్త పడమన్నానని కోచ్ చెప్పారు." అందులో నాకు తప్పేమీ కనబడలేదు. ఎవరు కోచ్ అయినా అదే అంటారు కదా.

ఎడమ వైపు ఆడుతున్నది పద్దెనిమిదేళ్ల కుర్రాడు, భీమిలి దగ్గర వేటకెళ్లే ఇంటివాడు. వాళ్ల వీధి వీధంతా ఆ రోజు టీవీ ముందే ఉంది. మ్యాచ్ గెలిచారు కూడా. కానీ మర్నాటి నుంచి వాడు ప్రాక్టీసుకి రాలేదు. నాలుగో రోజు మాష్టారు వాళ్లింటికెళితే, తలుపు దగ్గరే నిలబడి ఫోన్‌లో నా క్లిప్పు పెట్టి చూపించాడట. ఆ సాయంత్రం గ్రౌండ్‌లో మాష్టారు నా దగ్గరకొచ్చారు. కోపం లేదు, అదే ఇంకా బాధ. "ఏటమ్మా, నానెప్పుడన్నాను ఆ మాట?"

మర్నాడు 900K నంబరు బస్సెక్కి భీమిలి వెళ్లాను. వాడు అరుగు మీద కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. అబద్ధం నాదని, మాష్టారు నోరే విప్పలేదని చెప్పాను. వాడు ఏమీ అనలేదు. వాళ్లమ్మ టీ గ్లాసు నా చేతిలో పెట్టి నెమ్మదిగా అంది: "టీవీలో ఊరంతటికీ చెప్పినారు కదమ్మా. ఇప్పుడు మా ఇంట్లోకొచ్చి సెప్తే ఎవులింటారు?"

ఫైనల్లో మ్యాచ్ మొదలయ్యే ముందు పదిహేను సెకన్లు అడిగి తీసుకున్నాను. ఆ మాట కోచ్‌ది కాదు, నేను కల్పించింది అని లైవ్‌లో చెప్పాను. మావాళ్లకి నచ్చలేదు. రెండు నెలలు నన్ను మళ్లీ కాలువల దగ్గరకి పంపారు. కుర్రాడు ఫైనల్ ఆడాడు. బాగా ఆడాడని రాయాలని ఉంది గానీ, మామూలుగానే ఆడాడు.

2023 నవంబర్‌లో అమెరికాలో ఒక పేరున్న యాంకర్, సైడ్‌లైన్‌లో ఉన్న రోజుల్లో కోచ్ హాఫ్‌టైమ్‌కి దొరక్కపోతే రిపోర్ట్ తానే కల్పించి చెప్పిన సందర్భాలున్నాయని పాడ్‌కాస్ట్‌లో అన్నారు. ఎవరికీ నష్టం లేని మాటలే కదా అన్నది ఆవిడ వాదన. తోటి రిపోర్టర్లు గట్టిగా తిట్టిపోశారు. బావగారు ఆ వార్త లింక్ పంపించి పక్కన నవ్వే బొమ్మ పెట్టారు. నాకు భీమిలి అరుగు గుర్తొచ్చింది, జవాబివ్వలేదు.

మొన్న ఒక మ్యాచ్‌లో మళ్లీ అదే పరిస్థితి. కోచ్ వేరు, వాన లేదు. మైకు చూసి పక్కకి తప్పుకుని వెళ్లిపోయారు. చెవిలో లెక్క మొదలైంది. "కోచ్ గారు మాట్లాడటానికి ఇష్టపడలేదు. వెళ్తూ నీళ్ల సీసా నేలకేసి కొట్టారు. బెంచ్ దగ్గర 14వ నంబర్ ఆటగాడు జెర్సీ మార్చుకుంటున్నాడు" అన్నాను. వ్యాన్‌లోంచి "ఇంకేమైనా ఉందా?" అని వినబడింది. లేదన్నాను. ఇంకా ఎనిమిది సెకన్లు మిగిలాయి, ప్రకటనలకి వెళ్లిపోయారు.

రాత్రి మేనత్త ఫోన్ చేసింది. "ఇయాళ చూశానే నిన్ను. ఆ సీసా ఎందుకలా కొట్టాడే ఆయన?"

"తెలీదత్తా," అన్నాను.