ఊపిరి మెడలోంచి

గొంతు క్యాన్సర్‌కి స్వరపేటిక తీసేయాలని డాక్టరు చెప్పినప్పుడు ఇంట్లో అందరి దిగులూ మాట గురించే. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసినవాణ్ణి, గొంతెత్తకపోతే గడవని పని. నా టెన్షనూ అదే. తీరా ఆపరేషనయ్యాక నన్ను ఎక్కువ సతాయించింది ఊపిరి.

శ్వాసనాళాన్ని మెడ ముందుకి తెచ్చి కుట్టేస్తారు. ఇక జన్మంతా గాలి ఆ రంధ్రంలోంచే. ముక్కు ఉత్త అలంకారం. తాలింపు మాడినా వాసన రాదు, వేడి కాఫీ ఊదుకోలేను. ముక్కు అందించే తడి లేక పొడిగాలి నేరుగా లోపలికి పోతుంది కాబట్టి కఫం ఎండి పెచ్చులు కడుతుంది. మొదటి చలికాలంలో ఓ రాత్రి పెచ్చు అడ్డుపడి కళ్లు తేలేశాను. మా ఆవిడ రంధ్రంలో సెలైన్ చుక్కలు వేసి దగ్గించింది. బయటపడ్డ ముక్క చింతగింజంత ఉంది.

అంతకుముందే రేడియేషన్ తీసుకున్న గొంతు కావడంతో కుట్లు ఓ పట్టాన మానలేదు. మింగిన ఉమ్మి మెడ గాయంలోంచి కారేది. ఫిస్టులా అన్నారు, ఈ ఆపరేషన్ తర్వాత తరచూ వచ్చేదేనట. అది పూడేదాకా ముక్కు గొట్టంలోంచి పాలు, వడకట్టిన జావ. ఎదురుగా మనవడు ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ కొరుకుతుంటే... వద్దులెండి.

మాట కోసం శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య చిన్న సిలికాన్ వాల్వు పెట్టారు. రంధ్రాన్ని బొటనవేలితో మూసి గాలి వదిలితే అది అన్నవాహికలోకి వెళ్లి, అక్కడి గోడలు అదిరి శబ్దం వస్తుంది. బొంగురే. "తాతయ్యా, ఇంకోసారి తిట్టవా" అని మనవడికి అదో వేడుక. వాల్వు శాశ్వతం కాదు. ఫంగస్ పట్టి పాడవుతుంది. కాఫీ తాగగానే దగ్గొచ్చిందంటే అది కారుతున్నట్టే, మార్పించుకోవాలి. దిగుమతివైతే ఒక్కోటి వేలల్లో ఉంటుంది. బెంగళూరు సర్జన్ విశాల్ రావు తక్కువ ధరకి 'ఓం' అనే వాల్వు తయారుచేశారంటే నాలాంటివాళ్ల జేబు తెలిసే.

ఇప్పుడు రోజూ థైరాయిడ్ మాత్ర, మెడకి ఫిల్టరు, స్నానానికి అడ్డు కవరు. సీజన్లో యార్డు వైపు పోను, ఆ మిర్చి ఘాటుకి ఫిల్టరు ఏం ఆగుతుంది?

ఓసారి ఆయాసంతో ఎమర్జెన్సీకి వెళ్తే ఆక్సిజన్ మాస్కు ముక్కుకి పెట్టారు. నేను మెడ చూపిస్తున్నా చెయ్యి పట్టుకుని కదలొద్దంటారు! అప్పట్నుంచి "మెడతో ఊపిరి తీసుకుంటాను, ఆక్సిజన్ మెడకే పెట్టండి" అని తెలుగులో, ఇంగ్లీషులో రాయించిన కార్డు చొక్కా జేబులో ఉంటోంది. లామినేషన్ చేయించాను, చెమటకి చెరగకుండా.